ఫోన్‌లో తెరుచుకోని చీర

ధర్మవరం డబుల్ షేడ్ చీరను ఫొటో తీసి అమ్మితే అబద్ధం చెప్పి అమ్మినట్టేనని నాగజ్యోతి ఒకసారి అంగట్లో అందరి ముందు అనేసింది. ఆ తర్వాత చాలా రోజులు మామ రామకృష్ణయ్య ఆమెతో నేరుగా మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే కొడుకు రవికుమార్‌తో చెప్పించేవాడు.

కానీ ఆమె అన్నది నిజం. ఆ చీరలో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. నిలువు దారం ఆకుపచ్చ, అడ్డం దారం వంకాయ రంగు అయితే, చీరను అటు వంచినప్పుడు ఒకటి, ఇటు వంచినప్పుడు ఇంకొకటి కనిపిస్తుంది. చేతిలో కదులుతున్నంతసేపూ రంగు ఒకచోట నిలబడదు. ఆ చీర విలువంతా అందులోనే ఉంది. ఫొటోలో మాత్రం రెండింటిలో ఏదో ఒకటే పడుతుంది. ఆకుపచ్చ అనుకుని తెప్పించుకున్నావిడ పార్సిల్ విప్పితే వంకాయ రంగు కనిపిస్తుంది. వెంటనే ఫోన్ చేసి దొంగలంటుంది, మోసగాళ్లంటుంది, కేసు పెడతానంటుంది. ఆ తిట్లు తినేది ఫోన్ దగ్గర కూర్చునే నాగజ్యోతి. చీర మడతలు నలిగి వెనక్కి వస్తుంది.

అందుకే ఆమె చీరలను వీడియో తీయడం మొదలుపెట్టింది.

ఆమెది కర్ణాటక సరిహద్దులోని గుమ్మఘట్ట. నాయనకు రాయదుర్గంలో చిన్న బట్టలంగడి ఉండేది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. బీకాం కంప్యూటర్స్ చదివింది. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి రామకృష్ణయ్య ఇంటికి కోడలిగా వచ్చాక కొన్నేళ్లు వంటిల్లు తప్ప ఇంకేమీ చూడలేదు. అంగట్లోకి రానిచ్చింది ఆ కన్నడమే. తుమకూరు, చిత్రదుర్గం వైపు నుంచి ఫోన్ చేసే ఆడవాళ్లకు సమాధానం చెప్పలేక రామకృష్ణయ్య విసుక్కునేవాడు. ఒకరోజు రిసీవర్ ఆమె వైపు చాచి, "ఏమ్మా, ఈ ఆయమ్మ ఏమంటాందో నువ్వన్నా విను" అన్నాడు. ఆమెను ఉద్యోగంలో పెట్టుకున్నది ఆ ఒక్క మాటతోనే. జీతమూ లేదు, పేరూ లేదు.

2010లో అంగడికి వెబ్‌సైట్ పెట్టించింది కూడా ఆమే. రవికుమార్ వద్దనలేదు, కావాలనీ అనలేదు. ఆయన ఏ విషయంలోనూ ఆ రెండు మాటలూ అనడు. పొద్దున ఎండ మిద్దె మీద పడే వేళకు కెమెరాను స్టాండుకు బిగించి, కొంగు పూర్తిగా పరిచి, చీరను రెండు చేతులతో నెమ్మదిగా వంచుతూ ఆమె వీడియో తీసేది. రామకృష్ణయ్య ఒక షరతు పెట్టాడు: ముఖం కనపడకూడదు. అలాగేనంది. వీడియోలో మోచేతుల దాకా రెండు చేతులు, గాజులు, చీర. అంతే. చీరలు వెనక్కి రావడం దాదాపు ఆగిపోయింది. బెంగళూరులో కొడుకు దగ్గర కంప్యూటర్‌లో చూసి, "మొన్న ఎర్రగాజులు వేసుకొని చూపించినారే, ఆ చీర" అని అడిగేవాళ్లు తయారయ్యారు.

రామకృష్ణయ్య భయం వేరే. ఈ వ్యాపారంలో కొత్త డిజైన్ బయటపడితే నెల తిరక్కుండా నకలు వస్తుంది. అందుకే అంగడికి వచ్చిన కొత్త మనిషికి ఆయన చీర పూర్తిగా విప్పడు. పై మడత మాత్రమే చూపించి, కొనే మనిషని నమ్మకం కుదిరాకే కొంగు పరుస్తాడు. అద్దాల బీరువాలో కొత్త రకం పెట్టడు. రైలు పట్టాల అవతల ఉన్న ఇంకో వ్యాపారి మనుషులు పెళ్లివారి వేషంలో వచ్చి అంచులు చూసి పోయేవారని ఇప్పటికీ చెబుతాడు. అలాంటి మనిషి, కొంగంతా పరిచి లోకానికి చూపిస్తానన్న కోడలికి ఊరికే ఒప్పుకోలేదు.

"చూపించు. కానీ ఎవరూ దింపుకోను లేకుండా చేయించు" అన్నాడు.

అనంతపురంలో వెబ్‌సైట్లు చేసే శశికుమార్ దానికి ఫ్లాష్ అన్నాడు. అప్పట్లో ఇంటర్నెట్‌లో వీడియో అంటే చాలావరకు అదే. కంప్యూటర్‌లో దానికి వేరే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండాలి. అది ఉంటే వీడియో ఆడుతుంది. దాని మీద మౌస్ నొక్కినా 'సేవ్' అనే మాట రాదు. శశికుమార్ అదనంగా ఏదో లాక్ కూడా పెట్టానన్నాడు. రామకృష్ణయ్య తానే మౌస్ పట్టుకుని నాలుగైదుసార్లు నొక్కి చూసి తృప్తిపడ్డాడు. యూట్యూబ్‌లో పెడదామన్న మాట ఇంట్లో ఎత్తనివ్వలేదు. నాగజ్యోతికి కూడా అది ఇష్టం లేదు. మన చీర పక్కనే ఇంకో అంగడి చీరలు వరుసగా వచ్చి కూర్చుంటాయి. కొనడానికి వచ్చిన మనిషి అటే పోతుంది.

రెండేళ్లు బాగానే నడిచింది. తర్వాత ఫోన్లు వచ్చాయి.

ఫోన్లు అంతకు ముందూ ఉన్నాయి. ఇప్పుడొచ్చినవి వేలితో తోసి చూసేవి. పైగా ఆ రోజుల్లో కరెంటు కోతలు ఎలా ఉండేవో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కంప్యూటర్ ఉన్న ఇంట్లో కరెంటు ఉండేది కాదు. చేతిలో ఫోన్ మాత్రం వెలుగుతుండేది. ఆడవాళ్లు మధ్యాహ్నం పూట వసారాలో కూర్చుని చీరలు చూడటం మొదలుపెట్టారు. కొడుకునో అల్లుణ్నో కంప్యూటర్ తెరవమని బతిమాలే పని తప్పింది. అమ్మేవాళ్లకు ఇంతకంటే మంచి కాలం రాదు. సరిగ్గా అప్పుడే నాగజ్యోతి అమ్మకాలు పడిపోయాయి.

మొదట కరువు అనుకున్నారు. వరుసగా వేరుశనగ పోయింది. చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి, పెళ్లి చేసినవాళ్లు పట్టు మాని ఫ్యాన్సీ చీరలకు దిగారు. కానీ ఆమె గిరాకీ ఈ పల్లెలది కాదు, బయటిది. అక్కడ కరువు లేదు. హాసన్ నుంచి ఒకామె ఫోన్ చేసి చెప్పిందాకా సంగతి అర్థం కాలేదు. "ఏనమ్మా, నిమ్మ వీడియో బర్తానే ఇల్ల. బూదు డబ్బా ఒందు బరుత్తె" అని. వీడియో రావడం లేదు, బూడిదరంగు డబ్బా ఒకటి వస్తోంది. నాగజ్యోతి భర్త కొత్త ఫోన్ తీసుకుని సొంత అంగడిని తెరిచి చూసింది. చీర ఉండాల్సిన చోటల్లా బూడిదరంగు పెట్టె, మధ్యలో ఏదో ముక్క విరిగినట్టు ఒక బొమ్మ. ఎన్ని చీరలు పెట్టిందో అన్ని పెట్టెలు.

ఆ రోజే మామకు చెప్పింది. "కొనేటోళ్లు కంప్యూటర్లోనే చూస్తారులే" అన్నాడాయన. మళ్లీ చెప్పింది. "నీ చేతిలో ఫోను ఉండాదని అందరి చేతిలో ఉంటాదా" అన్నాడు. 2014 ఉగాది నాటికి ఆయనే ఒక మాట తేల్చాడు.

"శ్రావణం దాకా చూస్తా. వరలక్ష్మి వ్రతానికి కూడా అమ్మకం లేకుంటే ఆ వెబ్‌సైటూ వద్దు, ఆ గదీ వద్దు. సరుకు పెట్టుకునేదానికి చోటు లేక సస్తాండాం."

గది అంటే అంగడి వెనక ఆమె కూర్చునే గది. అది పోతే ఆమె పని పోయినట్టే. మళ్లీ వంటింట్లోకి. ఎవరూ ఆ మాట అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేదు.

జ్యేష్ఠంలో ఆమె బస్సెక్కి, బత్తలపల్లె మీదుగా అనంతపురం పోయింది. శశికుమార్ ఆఫీసు మేడ మీద. ఏసీ ఆగిపోయి, అట్టముక్కతో విసురుకుంటున్నాడు.

"రా అక్కా, రా. ఏమి ఇంత దూరం? ఫోన్ చేసింటే సరిపోయేది కద."

"ఎన్నిసార్లు చేస్తిని? ఎత్తితివా?"

"మీటింగులక్కా."

"సరే గానీ, ఫోన్లో మా వీడియోలు ఎందుకు రావడంలేదో చెప్పు."

"ఫ్లాష్ కదక్కా. ఫోన్లకు ఫ్లాష్ ఆపేసినారు. కొన్ని ఫోన్లకైతే మొదట్నుంచీ లేనేలేదు."

"ఎప్పుడు ఆపేసినారు?"

శశికుమార్ అట్టముక్క కింద పెట్టాడు. "అయ్యింటాది... రెండేండ్లు."

"రెండేండ్లా? పోయిన దసరాకు వచ్చి అదే మళ్లీ కొత్తగా పెట్టి పోతివి కదప్పా! అప్పుడు నోట్లో ఏమి పెట్టుకోనుంటివి?"

"మీ మామ లాక్ కావాలన్నాడు. గట్టి లాక్ పెట్టిచ్చినా. ఫోన్ సంగతి ఆయప్ప అడగలేదే."

"అడక్కుంటే చెప్పవా?"

"చెప్తే మళ్లీ మొత్తం పని మార్చాల. ఆయప్ప ఊరికే చేయమంటాడు."

తెలిసి చెప్పకపోవడాన్ని ఆ కుర్రాడు తప్పుగా కూడా అనుకోవడం లేదు. అడిగింది ఇచ్చాను, నా పని అయిపోయింది. ఈ ధోరణి ఒక్క శశికుమార్‌ది అంటే అన్యాయం. కానీ ఆ రోజు ఆమె ఎదురుగా కూర్చున్నది అతనే.

వేరే దారి ఏముందో చెప్పమంది. అతను చెప్పాడు. హెచ్‌టీఎంఎల్ ఫైవ్ అని కొత్త పద్ధతి. వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. ఫోన్‌లో ఇంటర్నెట్ చూసే బ్రౌజరే వీడియోను కూడా ఆడిస్తుంది. అయితే ఒక కంపెనీ బ్రౌజర్ ఒక రకం వీడియో ఫైలు తీసుకుంటుంది, ఇంకో కంపెనీది ఇంకో రకం. ఒక్కో చీరకు రెండు ఫైళ్లు చేసి పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు. పాత కంప్యూటర్లలో కొన్నింటికి ఇది రాదు. అన్నిటికన్నా ముఖ్యం, దీనికి లాక్ ఉండదు. వేలు నొక్కిపట్టుకుంటే 'సేవ్' వస్తుంది.

"నా మాట విను అక్కా. పైన పెద్ద అక్షరాలతో రాసి పెడదాం. 'దయచేసి కంప్యూటర్‌లో చూడగలరు' అని. మామకూ కోపం రాదు, పనీ అయిపోతాది."

నాగజ్యోతికి కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గుతుంది. "అంగడి వాకిట్లోకి వచ్చినామెను, ఎర్రబస్సులో వచ్చినావు, కారులో రాపో అనమంటావా శశీ?"

"అట్ల కాదక్కా..."

"ఇంకెట్ల? కొత్త పద్ధతిలో ఒక్క చీర పెట్టి చూపియ్యి. ఇప్పుడే. నేను యాడికీ పోను."

గొణుగుతూనే పెట్టాడు. ఆమె వెంట తెచ్చుకున్న భర్త ఫోన్‌లో తెరిచింది. ఆమె చేతులు కదిలాయి, చీర పచ్చగా ఉండి వంకాయ రంగులోకి తిరిగింది. రెండేళ్లుగా ఫోన్‌లో ఎవరూ చూడని చీర. ఆమెకు సంతోషం కలగలేదు. ఇంత చిన్న పనికా ఇన్నాళ్లు అనిపించి ఒళ్లు మండింది. ఎలా చేయాలో ఒక కాగితం మీద రాయించుకుని సాయంత్రం బస్సుకు తిరిగొచ్చింది.

ఇంట్లో చెప్పింది. రామకృష్ణయ్య సాంతం వినలేదు. 'సేవ్' అన్న మాట దగ్గరే చేయి అడ్డం పెట్టాడు.

"అంటే ఎవడైనా దింపుకోవచ్చు."

"దింపుకోవచ్చు మామా. కానీ చూసేటోళ్లు చూస్తారు కద."

"చూసేటోళ్లు నాకు వద్దు. కొనేటోళ్లు కావాల."

"చూడకుండా ఎట్ల కొంటారు?"

"ఇన్నేండ్లు నా అంగట్లో చూడకుండానే కొనిరా?" అని లేచి పోయాడు. రవికుమార్ కంచంలో అన్నం కలుపుకుంటున్నాడు.

"మీరన్నా ఒక మాట అనొచ్చు కదా" అంది నాగజ్యోతి.

"నాయన సంగతి నీకు తెలీదా?" అన్నాడాయన.

ఆషాఢంలో ఒకరోజు ముత్యాలప్ప అంగడికి వచ్చాడు. రామకృష్ణయ్య దగ్గర పట్టుదారం తీసుకుని చాలా ఏళ్లుగా నేస్తున్న మగ్గం మనిషి. డబుల్ షేడ్‌లో ఆయన చేయి ఊరికి తెలుసు. చిన్న చిన్న చిలుకలు నేసే చిలుక బుటా డిజైన్ ఆయన గీసిందే. చంకలో ఒక పాలిస్టర్ చీర ఉంది. దాన్ని రామకృష్ణయ్య ముందు విసిరినట్టు వేశాడు.

"సూడు సెట్టీ. బత్తలపల్లెలో తోపుడుబండి మీద అమ్ముతాండారు. నా చిలకలే!"

పాలిస్టర్ మీద అచ్చు వేసిన నకలు. అంచు అదే, కొంగు అదే. రామకృష్ణయ్య ముఖం నల్లబడింది.

"చూసినావామ్మా? వద్దు వద్దంటే కొంగు పరిచి చూపిస్తివి. అయినా దానికి లాక్ ఉండాది కద. ఎవరో అంగట్లో చూసి పోయింటారు. ఆ గుమాస్తాల్ను అడుగుతా ఉండు..."

"అంగట్లో చూసింది కాదు సెట్టీ" అన్నాడు ముత్యాలప్ప. "కొంగు కాడ సూడు. పై వరసలో."

పై వరసలో ఒక చిలుక తలకిందులుగా ఉంది. కాళ్లు పైకి.

కొత్త డిజైన్‌లో మొదటి చీర నేసేటప్పుడు ముత్యాలప్ప ఒక చోట మగ్గానికి డిజైన్ చెప్పే చిల్లుల అట్టలు తిరగేసి ఒక్క బుటాను తలకిందులు చేస్తాడు. దిష్టికి. వాళ్ల నాయన చేసేవాడట. ఆ మొదటి చీర అమ్మరు, నమూనాగా లోపలి బీరువాలో ఉంటుంది. తర్వాత నేసే చీరల్లో చిలుకలన్నీ నిటారుగానే ఉంటాయి. నమూనాను అంగట్లో ఎవరికీ కొంగు విప్పి చూపించింది లేదు. నాగజ్యోతి దాన్ని మిద్దె మీద పరిచి వీడియో తీసింది. లోకం ఆ చీర కొంగును చూసింది ఆ వీడియోలోనే. అచ్చు వేసినవాడికి దిష్టి సంగతి తెలియదు. ఉన్నది ఉన్నట్టు దించుకున్నాడు. బండి మీద ఉన్న ప్రతి చీరలోనూ ఒక చిలుక కాళ్లు పైకి పెట్టుకుని వేలాడుతోంది.

"అంటే లాక్ విరగ్గొట్టినారా?" అన్నాడు రామకృష్ణయ్య.

నాగజ్యోతి ఏమీ అనకుండా వెనక గదిలోకి పోయి, కంప్యూటర్‌ను ఇన్వర్టర్ మీద వేసి, అందరూ చూసేలా తెర తిప్పింది. లాక్ ఉన్న వీడియోను ఆడించింది. భర్త చేతిలోంచి ఫోన్ లాక్కుని, కెమెరా నొక్కి తెర ముందు పట్టుకుంది. చీర తిరగడం అయ్యాక ఫోన్‌ను మామ ముఖం ముందుకు చాచింది. అందులో కొంగు, అంచు, చిలుకలు, తలకిందుల చిలుకతో సహా.

"ఇదో మామా. దింపుకొంటి. లాక్ విరగ్గొట్టే పని ఏముంది? ఇంటర్నెట్ సెంటర్లో కూర్చోని ఎవడైనా ఇట్లే చేసింటాడు."

ముత్యాలప్ప నవ్వాడు, కోపంగా. "బలే లాకు సెట్టీ."

"దొంగకు కంప్యూటర్ ఉండాది. కూర్చోని తీరిగ్గా దింపుకొన్నాడు" అంది నాగజ్యోతి. "కొనే ఆడోళ్ల చేతిలో ఫోను ఉండాది. వాళ్లకు బూడిద డబ్బా చూపిస్తాండాం. రెండేండ్లుగా మనం లాక్ వేసింది ఎవరికి మామా?"

ఇంత కళ్ల ముందు కనిపించాక మనిషి మారతాడని అనుకుంటాం. రామకృష్ణయ్య మారలేదు. ఆయన తీసిన లెక్క వేరు.

"అట్లయితే మొత్తం తీసేయ్. లాక్ ఉన్యా పోతాంది, లేకున్యా పోతాది. వీడియోనే వద్దు. శ్రావణం దాకా కూడా ఎందుకు?"

"తీసేస్తే నేను డబుల్ షేడ్ నేసేది ఎవరికి సెట్టీ?" అన్నాడు ముత్యాలప్ప. "ఈ ఊర్లో కొనేటోళ్లు యాడుండారు? బొమ్మ పోతే పోయింది, ఇంకోటి గీస్తా. అమ్ముడు పోకుంటే గీసి ఏం లాభం?"

"నీ మగ్గం నువ్వు చూసుకో ముత్యాలప్పా."

ముత్యాలప్ప పాలిస్టర్ చీరను అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. నాగజ్యోతి ఆ పూట అన్నం తినలేదు, వండనూ లేదు. అత్త సుమిత్రమ్మ పొయ్యి వెలిగించుకుంటూ, "ఫోను కోసరం ఇంట్లో ఇంత రచ్చనా?" అంది. సుమిత్రమ్మకు ఈ గొడవలో ఏ పక్షమూ లేదు. వంట తన మీద పడిందన్నదే ఆమె బాధ.

సుమిత్రమ్మ పక్షం మారింది హిందూపురంలో. తమ్ముడి మనవరాలి నామకరణానికి వెళ్లింది. భోజనాలయ్యాక ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ఫోన్లు తీశారు. శ్రావణం ముందర ఇంకేం మాట్లాడతారు? చీరలే. కంచి చీరలు చూశారు, ధర్మవరంలోనే వేరే అంగడి చీరలు చూశారు. తాకగానే ఆడుతున్నాయి, రంగులు తిరుగుతున్నాయి. "మా అంగడివి చూడండే, మా కోడలు తీసింది" అని సుమిత్రమ్మ గొప్పగా చెప్పింది. తెరిచారు. బూడిదరంగు పెట్టె. ఇంకో చీర తాకారు. ఇంకో పెట్టె. వియ్యపురాలి వరసయ్యే ఒకామె మూతి తిప్పి, "ఏమి వదినా, అంగడి మూసినారా? మాతో చెప్పనే లేదే" అంది. అందరూ నవ్వారు.

సుమిత్రమ్మ ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవలేదు. నేరుగా అంగట్లోకే వచ్చింది.

"నాకు తలకాయ ఎత్తుకోను లేకుండా చేసినారు గదయ్యా! అంగడి మూసినారా అని అడుగుతాండారు అందురూ! నలుగురిలో మన చీర ఒక్కటి చూపియ్యలేక పోతినే! ఇంత బతుకు బతికి, ఆ బూడిద డబ్బా చూపియ్యనా?"

"ఎవరన్నారు?"

"ఎవురంటే ఏమి? నవ్వినోళ్లు నవ్విరి. రేపు ఊరంతా చెప్తారు, రామకృష్ణయ్య దివాలా తీసినాడని."

దివాలా అన్న మాట పనిచేసింది. రామకృష్ణయ్య కొడుకు వైపు తిరిగి, "ఆ అనంతపురం పిల్లోనికి ఫోన్ చెయ్ రవీ. కొత్తది పెట్టమను" అన్నాడు.

అక్కడే నిలబడి ఉన్న నాగజ్యోతికి ఇది గెలుపుగా తోచలేదు. అమ్మకాలు పడిపోయాయని ఆమె చెప్తే చెవికెక్కలేదు. హాసన్ ఆమె ఫోన్ చేసి చెబితే ఎక్కలేదు. తలకిందుల చిలుక కళ్ల ముందు వేలాడినా ఎక్కలేదు. హిందూపురంలో ఎవరో మూతి తిప్పితే ఎక్కింది.

"శశికుమార్ ఎందుకు? నాకు వచ్చు" అంది. అంత మాత్రమే.

ఎన్ని చీరలున్నాయో అన్నింటికీ రెండు రకాల ఫైళ్లు చేయాలి. కరెంటు ఉన్నప్పుడల్లా కూర్చుని చేసింది. కరెంటు పోతే మిద్దె మీద కొత్త చీరలు పరిచి తీసింది. శ్రావణ మాసం మొదలయ్యే సరికి అన్నీ ఫోన్లలో తెరుచుకుంటున్నాయి. మామ ఒక్కసారి తన చిన్న ఫోన్ పక్కన పెట్టి, కొడుకు ఫోన్‌లో చిలుక బుటా చీర చూసి, "బాగానే వస్తాంది" అన్నాడు. అంతే. గది ఖాళీ చేయమన్న మాట మళ్లీ ఎత్తలేదు. తప్పు చేశానన్న మాట కూడా ఎత్తలేదు.

ఆర్డర్లు వచ్చాయి. ఎక్కువ భాగం కొత్తవాళ్లవి. పాతవాళ్లు ఏమయ్యారన్నది ఆమెకు తెలియాలి. పేర్లన్నీ ఫోన్‌లో ఉన్నాయి. వరలక్ష్మి వ్రతానికి ముందు ఒక మధ్యాహ్నం గిరాకీ పలచగా ఉన్నప్పుడు, వెనక గదిలో కూర్చోకుండా అంగట్లోకే వచ్చి, రామకృష్ణయ్య కూర్చునే చోటుకు ఎదురుగా కూర్చుంది. పావగడ సుబ్బరత్నమ్మకు ఫోన్ కలిపింది. పొలాలున్న పెద్ద ఇల్లు వాళ్లది. ఇంట్లో ఏ శుభకార్యమైనా చీరలు ఈ అంగడి నుంచే పోయేవి. లౌడ్‌స్పీకర్ నొక్కి ఫోన్‌ను మామకూ తనకూ మధ్య పెట్టింది.

"సుబ్బరత్నమ్మక్కా, ధర్మవరం నుంచి నాగజ్యోతిని."

"ఓ, నువ్వా తల్లీ! ఇంకా ఉండారా మీరు?"

"ఉండాం అక్కా. ఎందుకట్లంటావు?"

"మేము మీ అంగడి ఎత్తేసినారు అనుకొంటిమి. పోయిన మాఘంలో మా లహరి పెండ్లికి మీ కాడే తీసుకోవాలని ఎన్ని తూర్లు చూస్తిమి! ఫోన్లో ఒక్కటీ రాదు. మా పాప, 'అమ్మా, వీళ్లు పారిపోయినారు' అనింది. ఇంకేం చేస్తాం, కంచికి పోయి తెచ్చుకొంటిమి. బండెడు తెచ్చినాం."

"లహరి పెండ్లి అయిపోయిందా అక్కా?"

"అయిపోయి బిడ్డ కూడా కడుపులో ఉండాది. ఏమి మీ మగోళ్లకు బుద్ధి లేదా తల్లీ? అంగడి పెట్టుకోని వాకిలి వేసుకోని కూర్చుంటారా? నీకు కోపం రాకుంటే చెప్తా, మీ మామకు వయసైపోయింది."

రామకృష్ణయ్య చేయి ఫోన్ వైపు కదిలింది. "పెట్టేయమ్మా అది."

నాగజ్యోతి ఫోన్‌ను తన వైపు జరుపుకుంది. సుబ్బరత్నమ్మతో ఇంకో రెండు మాటలు మాట్లాడి, లహరి సీమంతానికి చీరలు ఫోన్‌లోనే చూడమని చెప్పి, కట్ చేసింది.

"ఇంక చాలు" అన్నాడు రామకృష్ణయ్య. "నాకు అర్థమైంది."

"ఇంకా చానా మంది ఉండారు మామా. అందరూ ఏమంటారో మీరూ వినాల" అని ఆమె ఇంకో పేరు వెతికి నొక్కింది. లౌడ్‌స్పీకర్‌లో రింగ్ మోగడం మొదలైంది. ఆయన లేవబోయాడు. గిరాకీ ఒకరు మెట్లెక్కి లోపలికి వస్తున్నారు. లేస్తే బాగుండదు. కూర్చుని విన్నాడు.